ఒకే 12 వోల్టుల సప్లయ్ నుంచి పీహెచ్, ఈసీ బోర్డులకి వేరు వేరుగా పవర్ ఇవ్వడం ఎలా?

గట్టుమీద_గోపి
భీమవరం దగ్గర మాకు వన్నామీ రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద షెడ్డులో ఒక డబ్బా పెట్టాను. లోపల 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లయ్), దాన్నుంచి ఎల్ఎం2596 అనే బక్ కన్వర్టర్ మాడ్యూల్‌తో 5 వోల్టులు, ఆ 5 వోల్టులతోనే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న కంట్రోలర్ బోర్డు), పీహెచ్-4502సీ బోర్డు, ఈసీ (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో, అంటే ఉప్పు ఎంతో చూపేది) బోర్డు మూడూ నడుస్తున్నాయి. ఇంట్లో 4.01, 6.86 బఫర్లలో పెట్టి పీహెచ్ సెట్ చేస్తే గీత గీసినట్టు వస్తోంది. ఈసీ కూడా విడిగా బాగానే చూపిస్తోంది. తీరా రెండు ప్రోబులూ చెరువులో దింపితే పీహెచ్ 5.6 అంటోంది. చుక్కల కిట్టుతో చూస్తే 8 రంగు. 5.6 అంటే ఈపాటికి రొయ్యలన్నీ తేలిపోవాలి కదా, అవి శుభ్రంగా మేత తింటున్నాయి. ఈసీ బోర్డు వైరు పీకేస్తే కాసేపటికి పీహెచ్ మళ్లీ 8కి వస్తోంది. అమ్మినవాణ్ని అడిగితే ప్రోబు పోయింది, కొత్తది కొనమంటాడు. కొన్నాను, అదీ ఇంతే. రెండు సర్క్యూట్లూ ఐసొలేట్ చెయ్యాలని, అంటే గ్రౌండ్ (మైనస్) కూడా కలవకుండా విడదియ్యాలని ఎవరో అన్నారు. నా దగ్గరున్నది ఒక్కటే సప్లయ్, కరెంటు పోతే ఒక్కటే బ్యాటరీ. ఒకే సప్లయ్ మీద రెండూ ఐసొలేట్ అవుతాయా అసలు? ఎలా చెయ్యాలి?

కోఠి_కుర్రాడు
ఇంకో ఎల్ఎం2596 కొను. ఒకటి పీహెచ్‌కి, ఒకటి ఈసీకి. కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులోనైనా దొరుకుతుంది. పని ఖతం.

సోల్డర్_సత్తిబాబు
ఖతం కాదు బాబూ. ఆ మాడ్యూల్ చేతిలో ఉంటే మల్టీమీటర్ బీప్ మీద పెట్టి ఒక ముల్లు ఇన్ మైనస్ మీద, రెండోది అవుట్ మైనస్ మీద ఆనించు.

కోఠి_కుర్రాడు
బీప్ కొట్టింది 😀

సోల్డర్_సత్తిబాబు
అదీ సంగతి. బక్ కన్వర్టర్ వోల్టేజి తగ్గిస్తుందే కానీ మైనస్ తీగ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే. అలాంటివి పది పెట్టినా గ్రౌండ్ అందరికీ ఉమ్మడే. 7805 రెగ్యులేటర్ పెట్టినా అంతే.

కోఠి_కుర్రాడు
అయితే రెండు ఫోన్ చార్జర్లు పెట్టమనండి. రెండూ వేరే వేరే కదా.

గట్టుమీద_గోపి
ఒకటే సప్లయ్ అని మొదట్లోనే రాశా కదన్నా. మా ఫీడర్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, పోయినప్పుడే రీడింగ్ కావాలి నాకు, ఏరేటర్లు ఆగేది అప్పుడే కాబట్టి. డబ్బా బ్యాటరీ మీద నడవాల్సిందే.

రిటైర్డ్_ఏఈ
పరిష్కారానికి ముందు అసలు జరుగుతున్నదేమిటో చూద్దాం, లేకపోతే రేపు ఇంకో ప్రోబు కలిపినప్పుడు మళ్లీ ఇదే గొడవ.

పీహెచ్ ప్రోబు కేబుల్ చివర బీఎన్‌సీ అనే గుండ్రటి కనెక్టర్ ఉంటుంది. మధ్య పిన్ను గాజు బుడగది, చుట్టూ ఉన్న గొట్టం రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ది. ప్రోబు ఇచ్చే వోల్టేజి ప్లస్ వైపూ పోతుంది, మైనస్ వైపూ పోతుంది. మీ బోర్డేమో మైనస్ చదవలేదు. అందుకని ఆ గొట్టాన్ని గ్రౌండ్‌కి కలపకుండా 2.5 వోల్టుల మీద కూర్చోబెడతారు. గోపీ, బోర్డు ఆన్ చేసి బీఎన్‌సీ గొట్టానికీ బోర్డు గ్రౌండ్‌కీ మధ్య కొలవండి, 2.5కి దగ్గర్లో వస్తుంది.

ఇప్పుడు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నీళ్లలో ఉంది కాబట్టి చెరువు నీళ్లు మీ గ్రౌండ్ కంటే 2.5 వోల్టులు పైన ఉన్నట్టు. పక్కనే ఈసీ ప్రోబు దింపారు. దాని ఎలక్ట్రోడ్లు ఆ బోర్డు ద్వారా అదే గ్రౌండ్‌ని పట్టుకుని ఉన్నాయి. మీవి ఉప్పు నీళ్లు. దారి దొరికింది, కరెంటు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లోంచి నీళ్లలోకి, అక్కడి నుంచి ఈసీ ప్రోబులోకి, గ్రౌండ్‌కి పోతోంది. రిఫరెన్స్‌లోంచి కరెంటు అసలు పోకూడదు. పీహెచ్‌లో ఒక అంకె అంటే 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులే. మీకు 8 బదులు 5.6 వచ్చిందంటే 140 మిల్లీవోల్టుల తేడా. ఆమాత్రం తేడాకి చాలా చిన్న కరెంటు సరిపోతుంది. ఇలాగే వదిలేస్తే ప్రోబు కూడా నిజంగానే పాడవుతుంది, అప్పుడు అమ్మినవాడి మాట నిజమవుతుంది.

గట్టుమీద_గోపి
కొలిచాను. 2.51.

కోఠి_కుర్రాడు
అంటే చెరువుకి కరెంటు పెడుతున్నట్టా? రొయ్యలకి షాక్ కొట్టదా ఏఈ గారూ 😂

సోల్డర్_సత్తిబాబు
రెండున్నర వోల్టులకి రొయ్య మీసం కూడా కదలదు.

రిటైర్డ్_ఏఈ
దీనికి కదలదు. ఏరేటర్ మోటారు కేబుల్‌కి గాటు పడితే మాత్రం మనిషే పోతాడు. గోపీ, ఏరేటర్ లైనుకి 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) ఉందా? లేకపోతే పీహెచ్ సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి.

గట్టుమీద_గోపి
కొత్త చెరువుకి ఉంది. పాత చెరువుకి లేదు. పెట్టిస్తా.

నానో_నీలిమ
మా మేడ మీద మట్టి లేకుండా ఆకుకూరలు పెంచే తొట్టె ఉంది. అందులో అచ్చం ఇదే. అది ప్రోబు తప్పా, గ్రౌండ్ తప్పా అని తేల్చుకోవడానికి నేను చేసింది చెప్తాను. చెరువు నీళ్లే రెండు గ్లాసుల్లో పోసి, ఒక దాంట్లో పీహెచ్, ఇంకో దాంట్లో ఈసీ. రెండూ ఆన్‌లోనే ఉండాలి. రీడింగ్ సరిగ్గా ఉంటుంది. తర్వాత ఒక రాగి తీగ వంచి ఒక కొస ఈ గ్లాసులో, ఇంకో కొస ఆ గ్లాసులో ముంచండి. పీహెచ్ అప్పటికప్పుడు పక్కకి జరిగితే ప్రోబుది తప్పు లేనట్టే.

నేను పవర్ జోలికి పోలేదు. రెండూ ఒకేసారి చదవకుండా ఒకదాని తర్వాత ఒకటి చదువుతున్నా. పీహెచ్ చదివేటప్పుడు ఈసీ ఆఫ్. చెరువులో పీహెచ్ సెకనుకోసారి మారదు కదా.

సోల్డర్_సత్తిబాబు
నీలిమ గారూ, ఆఫ్ అంటే ఎలా ఆఫ్ చేశారు? ట్రాన్సిస్టర్ పెట్టి ప్లస్ కట్ చేశారా?

నానో_నీలిమ
ప్లస్ కట్ చేస్తే చాలదు, గ్రౌండ్ నీళ్లలోనే ఉంటుంది. మైనస్ వైపు మాస్‌ఫెట్ (ట్రాన్సిస్టర్ లాంటి స్విచ్) పెట్టినా సిగ్నల్ పిన్నులోంచి దొంగదారి ఉంటుంది. అందుకే ప్రోబు రెండు తీగలూ ఒకేసారి తెంచే రెండు పోల్ రిలే పెట్టాను. రిలే ఈసీ ప్రోబుకే పెట్టాలి, పీహెచ్‌కి పెట్టకండి. గాజు బుడగ రెసిస్టెన్స్ వందల మెగా ఓముల దాకా ఉంటుంది, రిలే కాంటాక్ట్ దగ్గర కాస్త చెమ్మ ఉన్నా లీక్ అయి రీడింగ్ పోతుంది.

గట్టుమీద_గోపి
చెమ్మంటే గుర్తొచ్చింది, మా డబ్బాలో తెల్లారేసరికి లోపలి మూత మీద నీటి చుక్కలుంటాయి 🙁 ఉప్పు గాలికి రిలే కాళ్లు ఆర్నెల్లలో పచ్చబడిపోతాయి. కదిలే సామాను లేని దారి ఉందా?

వైజాగ్_వైరింగ్
12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. ఇటు 12 ఒక సర్క్యూట్‌కి, అటు 12 ఒక సర్క్యూట్‌కి. పాత రేడియోల నాటి నుంచీ ఉన్న పద్ధతి.

రిటైర్డ్_ఏఈ
వైజాగ్ గారూ, 12-0-12లో మధ్య సున్నా రెండింటికీ ఒకటే. కరెంటు వచ్చే మెయిన్స్ నుంచి వేరవుతాయి కానీ ఒకదాన్నుంచి ఒకటి వేరు కావు. మీరు చెప్పింది పనిచెయ్యాలంటే సెకండరీలు (అవుట్‌పుట్ చుట్లు) రెండు పూర్తిగా విడిగా, నాలుగు తీగలతో రావాలి, 0-12, 0-12 అని రాసి ఉంటుంది. పైగా గోపీది బ్యాటరీ. డీసీ ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ పనిచెయ్యదు.

వైజాగ్_వైరింగ్
బ్యాటరీ మాట చూసుకోలేదు. కానీ నాలుగు తీగలది నా దగ్గర ఉంది, ఇరవయ్యేళ్ల నాటిది, ఇంకా చల్లగా నడుస్తోంది. ఇప్పటి చిప్పులు అన్నాళ్లు బతుకుతాయా?

సోల్డర్_సత్తిబాబు
బతుకుతాయో లేదో ఇరవయ్యేళ్లాగి ఇదే చర్చలో చెప్తా.

గోపీ, నీకు కావాల్సింది బీ0505ఎస్-1డబ్ల్యూ. నాలుగు కాళ్ల నల్ల ముక్క, గోరంత ఉంటుంది. లోపల ఏఈ గారు చెప్పిన ట్రాన్స్‌ఫార్మరే ఉంటుంది. డీసీని చాలా వేగంగా ఆన్ ఆఫ్ చేసి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి పంపి, అటువైపు మళ్లీ డీసీ చేస్తుంది. 5 వోల్టులు పెడితే 5 వోల్టులు, 200 మిల్లీయాంప్ దాకా. ఇటు మైనస్‌కీ అటు మైనస్‌కీ మధ్య బీప్ రాదు. ఇవి రెండు కొనాలేమో అనుకుంటావు, అక్కర్లేదు. ఒకటి చాలు. ఈఎస్‌పీ32, ఈసీ ఇప్పుడున్న 5 వోల్టుల మీదే ఉండనీ. పీహెచ్ బోర్డు ఒక్కదాన్నే ఈ ముక్క అవతలికి తోసెయ్. ఇద్దరిని విడదియ్యాలంటే ఒకణ్ని ఇంట్లోంచి పంపితే చాలు కదా.

గట్టుమీద_గోపి
అది బాగుంది. ఒకటి అడుగుతా. పీహెచ్ బోర్డు సిగ్నల్ తీగ ఈఎస్‌పీ32కి ఎలా వస్తుంది? దానికి గ్రౌండ్ కలపాలి కదా?

కోఠి_కుర్రాడు
అన్ని గ్రౌండ్లూ కలపాలనే కదా అన్ని వీడియోల్లో చెప్తారు.

నానో_నీలిమ
ఇక్కడ కలిపారో, కొన్న కన్వర్టర్ దండగ. అసలు చాలామంది పడేది ఇక్కడే. పవర్‌ని శుభ్రంగా వేరు చేస్తారు, తర్వాత రీడింగ్ రావట్లేదని ఒక చిన్న నల్ల తీగతో రెండు గ్రౌండ్లూ కలిపేస్తారు. రీడింగ్ వస్తుంది, తప్పు రీడింగే వస్తుంది.

వైజాగ్_వైరింగ్
పీసీ817 ఆప్టో (లోపల ఎల్‌ఈడీ వెలుగుతో సిగ్నల్ దాటించే ముక్క) పెట్టి సిగ్నల్ దాటించొచ్చు.

సోల్డర్_సత్తిబాబు
అనలాగ్‌ని, అంటే పెరుగుతూ తరుగుతూ వచ్చే వోల్టేజిని పీసీ817లోంచి దాటించకండి. ముక్కకో రకం, వేడికో రకం. 59 మిల్లీవోల్టుల లెక్కలు దాంతో కుదరవు. ముందు అటువైపే అంకె చేసెయ్యాలి, తర్వాత అంకెని దాటించాలి. గోపీ, పీహెచ్ వైపు ఏడీఎస్1115 పెట్టు, 16 బిట్ల ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే చిప్పు), ఐ2సీ అనే రెండు తీగల పద్ధతిలో మాట్లాడుతుంది. దాని ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ రెండు తీగలూ ఐఎస్ఓ1540 అనే ఐసొలేటర్‌లోంచి ఈఎస్‌పీ32కి రానీ. ఐ2సీలో ఒకే తీగ మీద అటూ ఇటూ మాట్లాడుకుంటాయి కాబట్టి మామూలు ఆప్టోతో తిప్పలు, ఈ చిప్పు దానికోసమే చేసింది. ఇటు 3.3, అటు 5 వోల్టులు ఇచ్చినా ఒప్పుకుంటుంది, కాబట్టి ఈఎస్‌పీ32 పిన్నుల మీదకి 5 వోల్టులు రావు. పులప్ రెసిస్టర్లు (తీగని ప్లస్ వైపు లాగి ఉంచేవి) రెండు వైపులా విడివిడిగా ఉండాలి, ఏడీఎస్ మాడ్యూల్ మీద ఒక వైపువి ఎలాగూ ఉంటాయి.

నానో_నీలిమ
ఆ చిప్పు చిన్న ఊళ్లలో దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఇంట్లో పాత ప్రో మినీ (బుల్లి ఆర్డుయినో కంట్రోలర్ బోర్డు) ఉంటే చవక దారి ఇంకోటి. దాన్ని పీహెచ్ వైపు పెట్టండి, అదే చదివి 9600 స్పీడులో సీరియల్‌గా పంపుతుంది. అప్పుడు ఒక్క పీసీ817 చాలు, ఎందుకంటే దాటేది సున్నా, ఒకటి మాత్రమే. ఎల్‌ఈడీ వైపు 5 వోల్టుల నుంచి 470 ఓములు, ఎల్‌ఈడీ, టీఎక్స్ (సీరియల్ పంపే) పిన్ను, ఈ వరసలో. టీఎక్స్ ఖాళీగా ఉన్నప్పుడు హైలో ఉంటుంది కాబట్టి ఎల్‌ఈడీ వెలగదు, కరెంటు దండగ కాదు, సిగ్నల్ కూడా తిరగబడదు. ఈఎస్‌పీ వైపు కలెక్టర్‌కి 3.3 నుంచి ఒక కిలో ఓమ్, ఎమిటర్ గ్రౌండ్‌కి. పది కిలో పెడితే ఆ స్పీడుకి అంచులు జారి చెత్త అక్షరాలు వస్తాయి.

గట్టుమీద_గోపి
ప్రో మినీ ఉంది. దీన్నే చేస్తా. ఆ నల్ల ముక్క ఆర్డర్ పెట్టా.

కరీంనగర్_కంట్రోలర్
మధ్యలో వచ్చి అడుగుతున్నా, నాదీ ఇట్లాంటిదే. నా దగ్గర ఎనిమిది రిలేల బోర్డు ఉంది. దాని మీద ఆప్టోలు ఉన్నాయి, అయినా కాంటాక్టర్ (మోటారు నడిపే పెద్ద రిలే) లాగినప్పుడల్లా ఆర్డుయినో రీసెట్ అవుతోంది. అమ్మినప్పుడేమో ఐసొలేటెడ్ అన్నారు.

సోల్డర్_సత్తిబాబు
ఆ బోర్డు మూల మీద జేడీ-వీసీసీ, వీసీసీ అని చిన్న జంపర్ ఉంటుంది. అది ఉన్నంతసేపూ ఆప్టోకి ఇటూ అటూ ఒకే సప్లయ్, ఆప్టోలు ఉత్త అలంకారం. జంపర్ పీకి, జేడీ-వీసీసీకీ దాని గ్రౌండ్‌కీ వేరే 5 వోల్టులు ఇవ్వాలి. ఆర్డుయినో గ్రౌండ్ రిలే వైపుకి కలపొద్దు, వీసీసీ, ఇన్ తీగలు మాత్రమే.

కరీంనగర్_కంట్రోలర్
ఆ వేరే 5 వోల్టులకి బీ0505ఎస్ పెట్టనా మరి?

రిటైర్డ్_ఏఈ
సరిపోదు. ఆ నీలం రిలే కాయిల్ సుమారు 70 ఓములు, అంటే ఒక్కోదానికి 70 మిల్లీయాంప్ పైమాటే. 200 మిల్లీయాంప్‌తో రెండు లాగుతాయి, మూడోదానికి కష్టం. మీకు కరెంటు లైను ఉంది కదా, రిలేల కోసం వేరే అడాప్టర్ పెట్టుకోండి. కాంటాక్టర్ కాయిల్ పిన్నులు ఏ1, ఏ2 మధ్య స్నబ్బర్ (వోల్టేజి ఎగసిపడకుండా మింగేది) కూడా పెట్టండి, మీ రీసెట్లు సగం దాంతోనే పోతాయి.

కరీంనగర్_కంట్రోలర్
జంపర్ పీకి అడాప్టర్ ఇచ్చిన, రీసెట్ పోయింది. స్నబ్బర్ దొరకాలె.

గట్టుమీద_గోపి
ముక్క వచ్చింది. బల్ల మీద ఉత్తగా 5 వోల్టులు ఇచ్చి చూస్తే అవతల 5.8 చూపిస్తోంది. పీహెచ్ బోర్డు తగిలించినా 5.5 పైనే. డూప్లికేటా?

సోల్డర్_సత్తిబాబు
అసలుదే అయ్యుండొచ్చు. దాంట్లో రెగ్యులేషన్ ఉండదు. కనీసం పది శాతం, అంటే 20 మిల్లీయాంప్ లోడు ఉంటేనే 5 దగ్గర నిలబడుతుంది. అవుట్‌పుట్ రెండు కాళ్ల మధ్య 220 ఓముల పావు వాట్ రెసిస్టర్ వెయ్, అదొక్కటే 22 మిల్లీయాంప్ తాగుతుంది. పక్కనే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. పెద్దది మంచిదని 1000 మైక్రోఫారడ్ పెట్టకు, ఆ ముక్క దాన్ని నింపలేక స్టార్ట్ అవ్వకుండా మొరాయిస్తుంది.

కోఠి_కుర్రాడు
పవర్ వేస్ట్ చెయ్యడానికి రెసిస్టర్ పెట్టడం ఇదే చూడటం.

సోల్డర్_సత్తిబాబు
పదో వంతు వాట్. నీ ఫోన్ స్క్రీన్ ఇంతకంటే ఎక్కువే తింటోంది ఇప్పుడు.

గట్టుమీద_గోపి
రెసిస్టర్ వేశాక 5.1. డబ్బా చెరువు దగ్గర పెట్టా. రెండు ప్రోబులూ నీళ్లలో, రెండూ ఆన్. పొద్దున ఆరింటికి పీహెచ్ 7.7, మధ్యాహ్నం 8.4. చుక్కల కిట్టూ అదే వరస. ఈసీ వైరు పీకినా పెట్టినా కదలట్లేదు. కానీ ల్యాప్‌టాప్‌కి ప్రో మినీ తగిలించి చూస్తున్నప్పుడు మాత్రం మళ్లీ 6కి పడిపోతోంది, తీసేస్తే బాగుంటోంది. ఇదేం విచిత్రం?

నానో_నీలిమ
అదే ల్యాప్‌టాప్‌కి ఈఎస్‌పీ32 కూడా తగిలించి ఉందా?

గట్టుమీద_గోపి
ఉంది. రెండు యూఎస్‌బీలు.

నానో_నీలిమ
మరింకేం, యూఎస్‌బీ గ్రౌండ్లు రెండూ ల్యాప్‌టాప్ లోపల కలిసిపోయాయి. ఏదో ఒకటే తగిలించండి. రెండోదాని సంగతి వైఫైలో చూసుకోండి.

రిటైర్డ్_ఏఈ
ఒకటే తగిలించినా ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి చూడండి. మూడు పిన్నుల చార్జర్ల గ్రౌండ్ చాలావాటిలో ఎర్త్‌కి కలిసే ఉంటుంది. మీ చెరువు నీళ్లూ ఎర్తే.

వైజాగ్_వైరింగ్
ఆ ముక్క మీద 1000 వోల్టుల ఐసొలేషన్ అని ఉంది. అంటే 230 వోల్టుల పక్కన కూడా ధైర్యంగా వాడొచ్చన్నమాట.

రిటైర్డ్_ఏఈ
వాడొద్దు. ఆ 1000 కాసేపు పెట్టి చూసే టెస్ట్ వోల్టేజి, ఎప్పుడూ అక్కడే ఉండొచ్చని కాదు. లోపల రెండు చుట్లూ ఒకే బుల్లి రింగు మీద సన్నటి ఎనామెల్ తీగతో చుట్టి ఉంటాయి. రెండు లో వోల్టేజి సర్క్యూట్ల గ్రౌండ్లు విడదియ్యడానికి చక్కగా సరిపోతుంది. మనిషికీ మెయిన్స్‌కీ మధ్య అడ్డుగోడగా దాన్ని నమ్మకూడదు. దానికి రీఇన్‌ఫోర్స్‌డ్ (గట్టి ఇన్సులేషన్) అని స్పష్టంగా రాసి ఉన్నవి వేరే ఉంటాయి, బోర్డు మీద కూడా రెండు వైపుల మధ్య మిల్లీమీటర్ల లెక్కన ఖాళీ వదలాలి.

వైజాగ్_వైరింగ్
నా నాలుగు తీగల ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇందుకే అన్నాను మరి 😀

గట్టుమీద_గోపి
ఒక్క చార్జర్ తీసేస్తే ల్యాప్‌టాప్‌తో కూడా సరిగ్గా వస్తోంది. పీహెచ్ చివరి అంకె కాస్త అటూ ఇటూ ఊగుతోంది. ఇంతకుముందు ఇంత లేదు.

సోల్డర్_సత్తిబాబు
అది కన్వర్టర్ స్విచింగ్ గోల. అవుట్‌పుట్ ప్లస్‌లో 10 మైక్రోహెన్రీ కాయిల్ ఒకటి వరసలో పెట్టి, దాని తర్వాత ఇంకో 10 మైక్రోఫారడ్. ప్రో మినీలో ముప్పై నలభై రీడింగులు తీసి, పైవీ కిందవీ పారేసి మిగతావాటి సగటు పంపు. చెరువు పని రెండో దశాంశంతో లేదు కదా.

పెనుగొండ_ప్రాన్స్
మొత్తం చదివా. నేను ఆక్సిజన్ ప్రోబు కూడా పెడుతున్నా, మూడూ ఒకే గొట్టంలో. అప్పుడు ఒక్క ముక్క చాలా?

నానో_నీలిమ
మూడైతే రెండు ముక్కలు. నీళ్లలో ఉన్న ప్రతిదీ మిగతావాటితో విడిపోవాలి, ఒక్కటి మాత్రం మెయిన్ గ్రౌండ్ మీద ఉండొచ్చు. పీహెచ్, ఆక్సిజన్ రెండింటినీ ఒకే ముక్క అవతల పెడితే ఆ రెండూ వాటిలో అవి కొట్టుకుంటాయి.

పెనుగొండ_ప్రాన్స్
నాది ఆర్‌ఎస్485 ప్రోబు (ఏ, బీ అనే రెండు తీగల మీద అంకెలు పంపేది), 12 వోల్టులది. దానికీ కావాలా?

సోల్డర్_సత్తిబాబు
కొన్నింట్లో లోపలే ఐసొలేషన్ ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. డేటాషీట్ చూడు. లేకపోతే నీలిమ గారి రెండు గ్లాసులు, రాగి తీగ పద్ధతి ఉండనే ఉంది, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఐసొలేషన్ లేదని తేలితే దానికి 12 నుంచి 12 ఇచ్చే బీ1212ఎస్ కొను, కానీ ముందు ప్రోబు ఎంత కరెంటు తాగుతుందో చూడు. ఒక వాట్ ముక్క 12 దగ్గర 80 మిల్లీయాంప్ పైన ఇవ్వలేదు. ఏ, బీ తీగలకి కూడా ఐసొలేటెడ్ ఆర్‌ఎస్485 మాడ్యూల్ పెట్టాలి, లేకపోతే గ్రౌండ్ ఆ దారిన వచ్చేస్తుంది.

గట్టుమీద_గోపి
పెనుగొండ అన్నా, ఆ మూడు ప్రోబులూ దింపే గొట్టం ఫొటో ఒకటి పెట్టు. నాచు పట్టకుండా ఏం చేస్తున్నావు?